మెట్ల మలుపులో రౌటరు

ఆ రోజు షాపులో నేను ఎందుకంత గట్టిగా అరిచానో ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. ప్రింటరు బాగయిందన్న సంతోషం పట్టలేక అరిచానని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. మా పిన్ని ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ కథే చెప్పి నవ్విస్తుంది. నోట్లోంచి మాట ఊడిపడని పిల్ల, ఒక మిషను కోసం వీధంతా వినపడేటట్టు అరిచిందట. వాళ్ళు నవ్వుతుంటే నేను చాయ్ గ్లాసులు కడిగే వంకతో లోపలికి పోతాను.

మాది సిరిసిల్ల. ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మేము. మరమగ్గాలను మా దగ్గర సాంచెలు అంటారు. ఆ చప్పుడులో ఎవరితోనైనా మాట్లాడాలంటే అరవాలి. నాకు అరవడం చేతకాలేదు. అందుకని మాట్లాడటమే తగ్గించేశాను. పుస్తకం చదువుకోవడానికీ, పడుకునే ముందు డైరీలో నాలుగు ముక్కలు రాసుకోవడానికీ గొంతుతో పనిలేదు కదా. అయితే ఆ ఇల్లు నా చెవులకు ఒక అలవాటు చేసింది. నడుస్తున్న చప్పుడు నాకు వినపడదు, ఆగిపోయిన చప్పుడు వినపడుతుంది. సాంచెల్లో ఏ ఒక్కటి ఆగినా నిద్రలోంచి లేచి కూర్చునేదాన్ని.

డిగ్రీ అయ్యాక కోరుట్లలో పిన్ని దగ్గరికి వచ్చాను. వాళ్ళ వీధి చివర ఒక ఆన్‌లైన్ సెంటరులో పని కుదిరింది. జిరాక్సులు, హాల్ టికెట్లు, పాసుపోర్టు దరఖాస్తులు, దుబాయికి, మస్కట్‌కు పోయేవాళ్ళ విమానం టికెట్లు. షాపు నడిపే ఆయన మా బాబాయికి తెలిసినవాడు. కాకా అని పిలిచేదాన్ని. బుగ్గారం వైపు పొలాలున్న కుటుంబం. కింద షాపు, పైన ఇల్లు. ఇంట్లో కాకా భార్యాపిల్లలు, ఆయన తల్లి, తమ్ముడి భార్య. తమ్ముడు గల్ఫ్‌లో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. పెళ్ళయిన రెండో నెలలోనే వెళ్ళిపోయాడు. వరస ప్రకారం ఆ తమ్ముడి భార్య నాకు చిన్నమ్మ కావాలి. నాకంటే కొద్దిగానే పెద్ద కనుక అక్కా అనేదాన్ని.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య బావ ముందుకు రాదు, ఆయనతో మాట్లాడదు. ఆయనా ఆమెతో నేరుగా ఏదీ చెప్పడు. మెట్లు షాపు వెనక నుంచే పైకి పోతాయి. కాకా పైకి పోయేటప్పుడు కింది మెట్టు దగ్గర ఆగి ఒకసారి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే పైన గాజుల చప్పుడు పక్కగదిలోకి పోయేది. ఆ తర్వాతే ఆయన మెట్లెక్కేవాడు. కొత్తలో కాకాకు ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాను.

దసరాకు కాకా కొత్త ప్రింటరు తెచ్చాడు. వైర్‌లెస్‌ది. దానికి కుంకుమ బొట్టు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

"తీగె లేదు, ఏం లేదు. గాలిలనే అచ్చుకొడ్తది."

దీపావళి నాటికి అది అలగడం మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం ఎప్పుడో, ఏ కారణమూ లేకుండా, కంప్యూటరు తెర మీద ప్రింటరు బొమ్మ బూడిద రంగుకు తిరిగేది. పక్కన 'ఆఫ్‌లైన్' అని పడేది. ప్రింటరు చూస్తే పచ్చ దీపం వెలుగుతూ నా ఎదురుగానే ఉండేది. ఆపి మళ్ళీ వేసేదాన్ని. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసేదాన్ని. ప్రింటరును మొత్తం తీసేసి కొత్తగా కలిపితే పలికేది. అప్పటికి కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళ ఓపిక అయిపోయేది.

"ఏం బిడ్డా, గా డబ్బకు పానం పోయిందా?" అంది ఒక రోజు రాయికల్ నుంచి వచ్చిన బీడీలు చేసే పెద్దామె. "మా ఊరి బస్సన్న అస్తది గని నీ కాయితం రాదు."

పక్కనున్నతను అందుకున్నాడు. "నా ఫ్లైట్ దుబాయ్‌ల దిగుతది, గప్పుడు ఎల్తది గీమె ప్రింటు."

అందరూ నవ్వారు. నేను 'ఒక్క నిమిషం' అనాలి. అనలేక ప్రింటరును మళ్ళీ ఆపి వేశాను. వాళ్ళు ఎదురు షాపుకు పోతుంటే కాకా కుర్చీలోంచి చూశాడు.  ఆ చూపుకే నాకు భయమేసింది.

మరునాడు ఆయనే ప్రింటరును అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, నా చేతికిచ్చాడు. "జగిత్యాల తీస్కపో. ఆడ చూపిచ్చుకోని రా."

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన దారి పొడుగునా పెట్టెను చూసి, చివరికి "కోడిపిల్లలా?" అని అడిగాడు. కాదని తల ఊపాను. జగిత్యాలలో మెకానిక్ దాన్ని తన నెట్‌కు కలిపి ఒకదాని వెనక ఒకటి కాగితాలు కొట్టాడు. ఒక్కసారీ ఆగలేదు.

"దీనికి ఏ రోగం లేదమ్మా. మీ కాడ నెట్‌లనే ఉన్నది కిరికిరి. రౌటర్ యాడున్నది?"

"మెట్ల మీద," అన్నాను.

"మెట్ల మీదెందుకే? కిందికి దించి కంప్యూటర్ పక్కన పెట్టుకోండ్రి, అయిపాయె."

ఆ మాట ఆయనే కాకాకు ఫోన్ చేసి చెప్పాడు. గురువారం కోరుట్లకు వస్తానని, రౌటరును కిందికి దించుతానని అన్నాడు. నేను పెట్టె మోసుకుని తిరిగొచ్చేసరికి కాకా సంతోషంగా ఉన్నాడు. "గురువారం దాక ఎట్లనన్న నడుపు. అప్పటికి సుత కాకపోతే ఇగ నేనే కూసుంట, నువ్వు ఇంటికాడ ఉండు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ రోజు డైరీలో ఏమీ రాయలేకపోయాను. ఇంటికాడ ఉండటమంటే సిరిసిల్ల పోవడమే.

కాకా మధ్యాహ్నం పైకి పోయి అన్నం తిని వచ్చి, కుర్చీలోనే కునుకు తీసేవాడు. మంగళవారం మధ్యాహ్నం ఆయన అట్లాగే కునుకు తీస్తున్నాడు. షాపులో ఇంకెవరూ లేరు. ఉన్నట్టుండి ఒక చప్పుడు ఆగిపోయిందని నాకు తెలిసింది. అది ఆగేదాకా అది ఉందని కూడా గమనించలేదు. మెట్ల మలుపులో ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు, ఆ మాట మధ్యలో ఆగింది. తర్వాత టక్ మని ఒక చిన్న చప్పుడు. తెర మీద ప్రింటరు బొమ్మ బూడిద రంగుకు తిరిగింది.

లేచి, చెప్పులు విడిచి మెట్లెక్కాను. మలుపులో గోడకు కట్టిన రౌటరు కింద అక్క కూర్చుని ఉంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చెయ్యి స్విచ్ మీద. నన్ను చూసి ఉలిక్కిపడి కొంగు లాక్కుంది.

"నువ్వా! నేను బావ అనుకున్న."

"అక్కా, గా స్విచ్ తీస్తె కింద ప్రింటర్ ఆగిపోతుంది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక స్విచ్ మీది చెయ్యి తీసేసింది. "నాకెరికలేదు చెల్లె. మా ఆయననే చెప్పిండు. వీడియో కాల్‌ల బొమ్మ ఆగిపోతే స్విచ్ బంద్ చేసి మల్ల ఎయ్యిమన్నడు."

"రూంల కూసోని మాట్లాడరాదా?"

"రూంల అత్తమ్మ ఉంటది, పిల్లలుంటరు. అందరు మాట్లాడినంక నాకిస్తరు ఫోను. 'తిన్నవా' అంటడు. 'తిన్న' అంట. అంతే. గిదొక్క జాగల్నే..." అని ఆగింది. "ట్యాంకర్ నింపేకాడ లైన్ల ఉంటడు గీ టైంకు. గప్పుడొక్కడే ఉంటడు. పెండ్లయినప్పుడు ఆయన గొంతు ఎట్లుంటదో సుత నాకు సక్కగ ఎరికలేకుండె. గీ మెట్ల మీదనే తెలిసింది."

"కొంచెం సేపు ఆగి చూడొచ్చు కద, స్విచ్ తీయకుండ."

"బొమ్మల నోరు తెరుసుకోని ఆగిపోతడు. సగం మాట గట్లనే ఉంటది. నేనెట్ల ఊకుంట చెప్పు?"

 గురువారం రౌటరును దించుతారన్న సంగతి చెప్పాను. కిందికి పోతే మలుపులోకి సిగ్నలు సరిగ్గా అందదు, ఆగితే స్విచ్ వెయ్యడానికి కిందికేమో ఆమె రాదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గురువారమా? గురువారమే ఆయన ఛుట్టీ సంగతి, ఇంటికి అచ్చే సంగతి చెప్తనన్నడు. పోయినసారి ఇయ్యలే. గీసారి ఇస్తరో లేదో. ఎవ్వలకు చెప్పకు చెల్లె. బావకు తెలిస్తే నేనే షాపు ముంచిన్నంటరు."

ఎవరికీ చెప్పనన్నాను. అది నాకు కష్టమేమీ కాదు. కష్టమల్లా రౌటరును అక్కడే ఉంచడం.

ప్రింటరుతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. సన్నని అక్షరాలు, ఎన్నో భాషలు, తెలుగు లేదు. బుధవారం దాన్ని ఇంటికి తీసుకుపోయి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. కథ పుస్తకం కూడా అంత ఆత్రంగా చదివి ఉండను. సంగతి తెలిసింది. రౌటరు ఆరి వెలిగినప్పుడల్లా తనతో కలిసిన ఫోన్లకూ మిషన్లకూ తలా ఒక నంబరు పంచుతుంది. అంతకుముందున్న నంబరే మళ్ళీ ఇస్తుందన్న నమ్మకం లేదు. కంప్యూటరుకు ఇదేమీ తెలియదు. పాత నంబరు పెట్టి పిలుస్తూనే ఉంటుంది. ప్రింటరు ఎదురుగా కూర్చుని, తనను కాదన్నట్టు పలకకుండా ఉంటుంది. నంబరు మారకుండా ప్రింటరులోనే కట్టేసే దారి కూడా ఆ పుస్తకంలో ఉంది.

గురువారం పొద్దున కాకా కంటే ముందు వెళ్ళి షాపు తెరిచాను. పుస్తకంలో చెప్పినట్టే ఒక నంబరు పెట్టాను. ప్రింటరు మొత్తానికే కనిపించకుండా పోయింది.  ఉన్నదాన్ని కూడా చెడగొట్టాననుకున్నాను. మళ్ళీ చదివితే, వేరే ఫోనుకు దొరికే నంబరు పెట్టకూడదని కింద ఇంకా సన్నని అక్షరాల్లో ఉంది. దూరంగా ఉండే నంబరు పెట్టాను. కంప్యూటరుకూ అదే చెప్పాను. ఈసారి పలికింది. కాని రౌటరు ఆరి వెలిగాక కూడా పలుకుతుందో లేదో, రౌటరును ఆపితే తప్ప తెలియదు. ఆపుదామని లేచేసరికి కాకా వచ్చేశాడు.

ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నంబరు మార్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని ఎందుకు మార్చావంటే? రౌటరు ఆగుతోందని ఎట్లా తెలుసంటే? నాకు అబద్ధం చెప్పడం రాదు. మాట్లాడితే నిజమే వస్తుంది. అందుకని మాట్లాడలేదు.

పొద్దున వస్తానన్న మెకానిక్ మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక వచ్చాడు. సరిగ్గా అక్క ఫోను వేళకు. బ్యాగు కౌంటరు మీద పెట్టి, కాగితం మీద కాగితం కొట్టి చూశాడు.

"మంచిగనే ఉన్నది గద పటేలా."

"ఆగు. గిప్పుడే పోతది సూడు. మనిషి సూస్తుంటే మంచిగుంటది, గదే దాని గుణం," అన్నాడు కాకా.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. కళ్ళు తెర మీద ఉన్నాయి, చెవులు మెట్ల మీద. ఆ సన్నని మాట వస్తూనే ఉంది. ఇవాళ ఒక్కరోజు ఆగకూడదని ఎవరికో మొక్కుకుంటున్నాను. వాళ్ళిద్దరూ యూరియా గురించి, కోతుల గురించి మాట్లాడుకుంటున్నారు. మాట ఆగింది. నా ఒళ్ళంతా చెవి అయిపోయింది. ఊకో అక్కా, ఊకో, అనుకున్నాను.

టక్.

ప్రింటరు బొమ్మ బూడిద రంగుకు తిరిగింది.

"సూసినవా!" కాకా గెలిచినట్టు లేచాడు. "చెప్పిన్నా లేదా?"

"పా, రౌటర్ కాడికి పోదాం. దించేద్దాం," అని మెకానిక్ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

నేను ఒక కాగితం ప్రింటుకు పంపాను. ఏ కాగితమో కూడా చూడలేదు. అది తెర మీద వరుసలో నిలబడింది, కదలలేదు. వాళ్ళు కుర్చీలు జరుపుకుని షాపు వెనక్కి నడిచారు. పైన రౌటరు మళ్ళీ వెలిగిందేమో, అక్క గొంతు వినపడింది. ఈసారి సన్నగా లేదు.

"ఆఁ, ఇప్పుడు ఇనవడుతుంది... ఏమన్నరు? ఛుట్టీ ఏమన్నరు?"

మెకానిక్ పాదం మొదటి మెట్టు మీద ఉంది. కాకా వెనకే ఉన్నాడు. దగ్గలేదు. ఆయన చెయ్యి మెకానిక్ భుజం మీద ఉంది. ముందుకు తోస్తున్నాడేమో అనుకున్నాను. ఇంకో నాలుగు మెట్లెక్కితే మలుపు. ప్రింటరు వంక చూశాను. అది ఒకసారి గొంతు సవరించుకున్నట్టు కిరకిరమంది. లోపల చక్రాలు తిరిగాయి. తెల్ల కాగితం అంచు బయటికి వచ్చింది.

"కాకా! ప్రింటు అచ్చింది! కాకా, ప్రింటు అచ్చింది!"

అది నా గొంతేనని నాకే నమ్మకం కలగలేదు. ఎదురుగా చాయ్ హోటలాయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద మాట తెగింది. గాజులు పైకి పరుగెత్తాయి. ఇద్దరూ వెనక్కి వచ్చారు.

"ఏం చేసినవమ్మా?" అన్నాడు మెకానిక్, కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతూ.

"నంబరు మారకుండ పెట్టిన. పుస్తకంల ఉన్నది."

"గా పుస్తకం ఎవలన్న చదువుతరానే!"

"మా పిల్ల చదువుతది," అన్నాడు కాకా. "మిర్చి బజ్జి తిన్న కాయితం సుత చదివి పారేస్తది."

మెకానిక్‌కు నమ్మకం కుదరలేదు. రౌటరును ఇంకోసారి ఆపి చూద్దామన్నాడు. నేను పోయి ఆపుతానని, వాళ్ళు లేవకముందే మెట్లెక్కాను. మలుపు ఖాళీగా ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్నచోట సున్నం అరిగి నున్నగా ఉంది. ఆపాను, వేశాను. కింద ప్రింటరు కాసేపటికి తనంత తానే పలికింది. మెకానిక్ బ్యాగు సర్దుకున్నాడు. రౌటరు ఉన్నచోటే ఉంది.

సాయంత్రం షాపు మూసేటప్పుడు అక్క పైమెట్టు దగ్గర నిలబడి సైగ చేసింది. పోయాను.

"రంజాన్ అయినంక అస్తడట," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ చీకట్లో సరిగ్గా కనపడలేదు.

ఆ తర్వాత ప్రింటరు మళ్ళీ మొండికెయ్యలేదు. ఎప్పుడైనా ఒక నిమిషం ఆగేది, మళ్ళీ తనే వచ్చేది. కాకా దాన్ని పట్టించుకోలేదు. ఒక సంగతి మాత్రం నేను గమనించాను. మధ్యాహ్నం ఆ వేళకు పైనుంచి తల్లి పిలిచినా కాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు. "అస్త తియ్" అనేవాడు. నీళ్ళు కావాలన్నా చాయ్ హోటలు నుంచే తెప్పించుకునేవాడు. వయసు మీద పడి మెట్లెక్కలేకపోతున్నాడేమో అనుకున్నాను. కాని సాయంత్రం మామూలుగానే దగ్గి, మామూలుగానే ఎక్కేవాడు.

జగిత్యాలలో బీఎడ్‌లో సీటు వచ్చాక ఆ పని మానేశాను. చివరి రోజు షాపులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. కాకా ప్రింటరు పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగ దీన్ని సదివేటోళ్లు ఎవలున్నరు ఈడ, నువ్వే తీస్కపో" అన్నాడు. నవ్వాను. అక్కకు చెప్పి వస్తానని మెట్ల వైపు తిరిగాను. అది ఆమె ఫోను వేళ. పైన సన్నగా మాట వస్తోంది.

"బిడ్డా," అని పిలిచాడు.

ఆయన నా వంక చూడలేదు. మెట్ల వంకా చూడలేదు. ప్రింటరు మీది కుంకుమ బొట్టును వేలితో సరిచేస్తున్నాడు.

"మీ అక్కకు చెప్పు. బొమ్మ ఆగితే జర సేపు ఊకుంటే అదే అస్తది, మాటిమాటికి స్విచ్ తియ్యొద్దని చెప్పు. నేనైతే చెప్పరాదు గద."